పాటలు ఎక్కించుటలో జాప్యము

పాత కాసెట్లలోని పాటలను కంప్యూటరులోనికి మార్చుకొని, అక్కడినుండి అరచేతిలో ఇమిడెడి చిన్న ప్లేయరులోనికి ఎక్కించుకొని వినుట నేడు పెక్కు గృహములలో వాడుకయైనది. త్యాగరాజ కీర్తనలు, ఘంటసాల పద్యములు, పిల్లల పాటలు, ఎన్నడో అమ్మమ్మ పాడగా ఇంటివారు టేపులో పట్టియుంచిన మంగళహారతులు, అన్నియు ఒక్కచోట చేరును. తెల్లవారుజామున నడకకు పోవువారి జేబులోను, వంటయింటి గూటిలోను, మంచము దిగలేని వృద్ధుల తలాపునను ఈ పరికరము కనబడును. వినుటలో ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతయు ఎక్కించుటలో వచ్చును. మూడు వందల పాటలు పంపబోయినచో మొదట అయిదు నిమిషములు చాలునని చూపిన కంప్యూటరు, కొంతసేపటికి రెండు గంటలు పట్టునని చూపును. మరికొంతసేపటికి గీత కదలుట మానివేయును.

ఇట్టి సమయమున సాధారణముగా రెండు పనులలో నొకటి జరుగును. దుకాణదారుడు పరికరము పాతబడినదని చెప్పి కొత్తదానిని చేతబెట్టును. లేదా ఇంటిలోని కుర్రవాడు విసిగి వైరును లాగివేయును. మొదటిదాని వలన డబ్బు పోవును. రెండవదాని వలన పాటలే పోవచ్చును. అమ్మమ్మ హారతికి వేరొక ప్రతి లేనప్పుడు ఆ నష్టము పూడునది కాదు. జాప్యము ఎచ్చట పుట్టుచున్నదో తెలిసినచో ఈ రెండు పనులును చాలవరకు తప్పును. తెలిసికొనుట కూడ కష్టమేమియు కాదు.

టేపుల కాలమున ఈ ప్రశ్నయే లేదు. గంట సేపటి కచ్చేరికి మరొక ప్రతి తీయవలెనన్న రెండు యంత్రములను ప్రక్కప్రక్కన నడిపి గంటసేపు కూర్చుండవలసినదే. ఇండ్లలోని జంట కాసెట్ల రికార్డర్లలో కొన్ని రెట్టింపు వేగమున ప్రతి తీసెడివి. అంతకు మించి తొందరపడుటకు వీలుండెడిది కాదు. పాట నిడివియే ప్రతి తీయుటకు కొలత. నేటి ప్లేయరులోనికి ఎక్కునది అంకెల రూపములో నున్న పాట. దానికి నిడివితో పనిలేదు. ఎన్ని అంకెలు, ఎంత వేగముతో పోవుచున్నవి అనునవే లెక్క.

ఈ లెక్కను ఒకసారి చేసి చూతము. ఎం.పి.3 పద్ధతిలో సెకనుకు 128 వేల బిట్ల చొప్పున కుదించిన అయిదు నిమిషముల పాటలో 3 కోట్ల 84 లక్షల బిట్లు ఉండును. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక ఇది 48 లక్షల బైట్లు, అనగా 4.8 మెగాబైట్లు. అదే పాటను కుదింపక సి.డి.లో నున్నట్లే ఉంచినచో సెకనుకు 14 లక్షల 11 వేల 200 బిట్ల చొప్పున దాదాపు 53 మెగాబైట్లగును. పాట ఒక్కటే, నిడివి ఒక్కటే. బరువు మాత్రము పదకొండు రెట్లు. మూడు వందల పాటలు మొదటి తీరున నున్నచో సుమారు 1,440 మెగాబైట్లు, రెండవ తీరున నున్నచో దాదాపు 16 గిగాబైట్లు. "పొరుగువారికి పది నిమిషములలో ఎక్కినవి, మాకేల ఎక్కవు?" అని అడుగువారు మొదట చూచుకొనవలసినది పాటల సంఖ్య కాదు, వాని మొత్తము పరిమాణము. ఫోల్డరుపై మౌసు కుడి మీటను నొక్కి, దాని వివరములు తెరచినచో ఆ అంకె కనబడును.

ఇక వేగము మాట. కృష్ణా డెల్టా రైతుకు దీనిని వివరింప నక్కరలేదు. కాలువ నిండుగా పారుచున్నను తన చేనికి వచ్చు నీరు తూము వెడల్పును బట్టియే ఉండును. కంప్యూటరు నుండి ప్లేయరు వరకు పాట దాటవలసిన తూములు నాలుగైదు కలవు: కంప్యూటరులోని డిస్కు, పాటలను పంపు సాఫ్ట్‌వేరు, యు.ఎస్.బి. పోర్టు, వైరు, చివరకు ప్లేయరులోని మెమరీ. వీనిలో అన్నిటికన్న ఇరుకైనది ఏదియో దాని వేగమే మొత్తము పనికి వేగము. తక్కినవానిని ఎంత వెడల్పు చేసినను ప్రయోజనము లేదు. కొత్త కంప్యూటరు కొన్నవారు కొందరు పాటలు మునుపటివలెనే నత్తనడక నడుచుట చూచి విస్తుపోవుదురు. వారు కాలువను వెడల్పు చేసిరి. తూము అట్లే యున్నది.

యు.ఎస్.బి. పోర్టు చరిత్ర ఈ విషయమున మిక్కిలి ఉపయోగపడును. 1996లో వచ్చిన మొదటి ప్రమాణమునను, 1998లో దానిని దిద్ది వెలువరించిన 1.1 ప్రమాణమునను ఎక్కువలో ఎక్కువ వేగము సెకనుకు 12 మెగాబిట్లు. ఎనిమిదితో భాగించినచో ఒకటిన్నర మెగాబైట్లు. పంపకపు ఖర్చులు పోగా చేతికి దక్కునది ఒక మెగాబైటు అనుకొనవచ్చును. 2000వ సంవత్సరమున వచ్చిన 2.0 ప్రమాణములో ఇది ఒక్కసారిగా 480 మెగాబిట్లకు పెరిగెను. చేతికి దక్కునది సుమారు 30 మెగాబైట్లు. 2008లో వచ్చిన 3.0 ప్రమాణము 5 గిగాబిట్లది. డబ్బాలపై అచ్చువేయునవి బిట్లు, మనము ఎక్కించునవి బైట్లు. ఈ రెంటికిని గల ఎనిమిది రెట్ల భేదమును వ్యాపారులు చెప్పరు, కొనువారు అడుగరు.

ఇది ఎంత పని చేసెనో ఐపాడ్ కథలో చూడవచ్చును. అమెరికాలో ఆపిల్ సంస్థ 2001 అక్టోబరు 23న మొదటి ఐపాడ్‌ను చూపినప్పుడు దానిలో అయిదు గిగాబైట్ల చిన్న హార్డ్ డిస్కు ఉండెను. వెయ్యి పాటలు పట్టునని వారు చెప్పిరి. అప్పటి కంప్యూటర్లకు యు.ఎస్.బి. 1.1 మాత్రమే సాధారణము. ఆ పోర్టు మీదుగా అయిదు గిగాబైట్లు ఎక్కించుటకు గంటన్నరకు కొంచెము తక్కువ పట్టును. అందువలన వారు ఫైర్‌వైర్ అను వేరొక పోర్టును, సెకనుకు 400 మెగాబిట్లదానిని, ఏర్పరచిరి. వెయ్యి పాటలు పది నిమిషముల లోపల ఎక్కునని ప్రకటించిరి. ఆ పరికరము పేరు పొందుటకు దాని అందచందములు ఎంత కారణమో ఈ వేగమును అంత కారణమని నా అభిప్రాయము. 2003లో వచ్చిన ఐపాడ్లకు యు.ఎస్.బి. 2.0 కూడ పనికివచ్చెను. అచ్చట చిక్కు మొదలయ్యెను. పరికరము కొత్తది, ఇంటిలోని కంప్యూటరు పాతది. ప్లగ్గు ఆకారము ఒక్కటే గనుక చక్కగా దూరును, పనియు చేయును. పన్నెండు మెగాబిట్ల వేగమున మాత్రమే చేయును. ఆ యేడే వచ్చిన 40 గిగాబైట్ల ఐపాడ్ అట్లు నిండవలెనన్న పదకొండు గంటలు! ఈ పరికరము ఇంతకన్న వేగముగా పనిచేయగలదని విండోస్ ఎక్స్.పి. తెరపై ఒక మూల చిన్న సూచన ఇచ్చెడిది. దానిని చదివినవారు తక్కువ.

మరియొక మాయ కూడ ఉన్నది. 2.0 ప్రమాణము పాత పన్నెండు మెగాబిట్ల వేగమును తొలగింపలేదు, తనలో కలుపుకొన్నది. కావున పాత వేగముతో పనిచేయు చౌక పరికరముపైనను యు.ఎస్.బి. 2.0 అని అచ్చువేయుటకు వీలు కలిగెను. 480 మెగాబిట్లవానికి "హై స్పీడ్" అను ముద్ర ఉండును. "ఫుల్ స్పీడ్" అని యున్నచో అది పన్నెండు మెగాబిట్లదే. పూర్ణవేగమనగా ఎంతో వేగమని తలచుట సహజము. ఆ పేరు పెట్టినవారిని ఏమనవలెనో తెలియదు.

పోర్టును, పరికరమును రెండును మంచివైనను, నడుమనున్న వైరు సరిగా లేనిచో ఇదే గతి పట్టును. ప్లగ్గు పెట్టిన వెంటనే పరికరమును కంప్యూటరును ఒకదానితో నొకటి సంకేతములు మార్చుకొని ఎంత వేగమున మాట్లాడుకొనవలెనో నిర్ణయించుకొనును. వైరు నాసిరకమైనను, ప్లగ్గులో దుమ్ముచేరి పట్టు వదులైనను హై స్పీడ్ సంకేతము అందక, రెండును పాత వేగమునకు దిగును. ఎట్టి హెచ్చరికయు లేకుండ పని జరుగుచుండును. కేబినెట్టు ముందువైపు పోర్టులు లోపల మరియొక వైరు ద్వారా మదర్‌బోర్డుకు కలుపబడి యుండును. వెనుకవైపు పోర్టులు నేరుగా బోర్డుపైననే ఉండును. కనుక జాప్యమున్నప్పుడు వెనుకవైపు పోర్టులో పెట్టి చూచుట మొదటి చికిత్స. ఒకే హబ్బులో కీబోర్డు, ప్రింటరు, పెన్ డ్రైవు అన్నియు గ్రుచ్చి, దానిలోనే ప్లేయరునుకూడ పెట్టు అలవాటును మానవలెను. ఒక్క దారిని అందరును పంచుకొనుటయే గాక, ఆ హబ్బు పాత 1.1 రకమైనచో దారియంతయు ఇరుకగును. ఫోను ఛార్జింగు కొరకు చౌకగా అమ్ము వైర్లలో కొన్నింటియందు కరెంటు తీగలు మాత్రమే ఉండును. అట్టిదానితో పెట్టినచో ప్లేయరు ఛార్జి అగును గాని కంప్యూటరుకు కనబడనే కనబడదు. నేటి గుండ్రని అంచుల టైప్-సి వైరును చూచి అన్నియు మహావేగముగలవని భ్రమపడరాదు. ఆ ఆకారముగల వైర్లలో 480 మెగాబిట్లకు మించనివి ఎన్నియో కలవు. వైరు లేకుండ బ్లూటూత్ ద్వారా పంపువారు ఒకటి రెండు పాటలకు మాత్రమే దానిని వాడుట మంచిది. ఆ దారి పాత యు.ఎస్.బి. కన్నను ఇరుకైనది.

దారి అంతయు బాగుగానున్నను చివర నున్న మెమరీ నెమ్మదిగా వ్రాసుకొనవచ్చును. నేటి ప్లేయర్లలోను, మెమరీ కార్డులలోను ఉన్నది ఫ్లాష్ మెమరీ. జపానుకు చెందిన తోషిబా సంస్థలో ఫుజియో మసుయోకా అను ఇంజనీరు దీనిని కనిపెట్టెను. కరెంటు లేకున్నను వ్రాసినది చెరగకుండుట దీని గొప్ప. వ్రాసిన చోటనే మరల వ్రాయలేకపోవుట దీని లోపము. చిన్ననాటి పలకను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అయితే ఈ పలకపై ఒక్క అక్షరమును మాత్రము తుడుచుటకు వీలులేదు. తుడిచినచో పలకంతయు తుడువవలెను. ఒక మూల ఒక మాట మార్చవలెనన్న తక్కినదంతయు వేరొక పలకపై ఎత్తివ్రాసికొని, దీనిని తుడిచి, ఆ తరువాత పని సాగించవలెను. లోపలి చిన్న చిప్పు ఈ చాకిరియంతయు మనకు తెలియకుండ చేయుచుండును. చదువుటకు ఇట్టి బాధ లేదు. అందువలననే ఫ్లాష్ మెమరీ వేగముగా చదువును, నెమ్మదిగా వ్రాయును. ప్లేయరు నిండుకొలది శుభ్రమైన పలకలు తరిగిపోవును గనుక వ్రాత మరింత మందగించును. పదింట తొమ్మిది పాళ్లు నిండిన ప్లేయరులోనికి మరి పది పాటలు తోయుటకన్న, వినని పాటలను తీసివేసి కొంత చోటు చేయుట మేలు.

మెమరీ కార్డు వేరుగా పెట్టుకొను ప్లేయరైనచో కార్డుపై అచ్చువేసిన గుర్తును చూడవచ్చును. వలయాకారపు గీత నడుమ 2, 4, 6, 10 అను అంకెలలో నొకటి ఉండును. సెకనుకు కనీసము అన్ని మెగాబైట్లు వ్రాయగలదని దాని అర్థము. నాలుగు అంకె గల కార్డుకు నాలుగు గిగాబైట్ల పాటలు ఎక్కుటకు పదునారు, పదునేడు నిమిషములు పట్టినచో అది రోగము కాదు, దాని స్వభావము.

మొదట వేగముగా సాగి, పిమ్మట మందగించుటకు కారణమడుగువారు పెక్కుమంది. కంప్యూటరు పాటలను వెంటనే పరికరమునకు పంపక, మొదట కొంతమేర తన సొంత మెమరీలో నింపుకొని "అయినది, అయినది" అని చూపును. ఆ నింపుడు పూర్తియైన తరువాత పరికరము ఎంత వేగమున గ్రహించునో ఆ అసలు వేగము బయటపడును. మొదటి అరనిమిషములో కనబడు అంకెను నమ్మి లెక్క వేయుట వలననే అయిదు నిమిషములు రెండు గంటలగుచున్నవి.

ఇక చిన్న ఫైళ్ల సంగతి. పెండ్లియింట చదివింపులు వ్రాయువారిని చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఒక్కరు వేయిరూపాయలు చదివించినచో పుస్తకములో ఒక్క పంక్తి. వేయిమంది ఒక్కొక్క రూపాయి చదివించినచో వేయి పంక్తులు. పేరు, ఊరు, ఇంటిపేరు, మొత్తము. సొమ్ము ఒక్కటే, శ్రమ వేయిరెట్లు. ప్లేయరులోనికి పోవు ప్రతి ఫైలుకును ఇట్లే పేరు, తేదీ, పరిమాణము, ఏ గదులలో ఉంచబడినది అను వివరములు పట్టికలో వ్రాయబడవలెను. ఆ పట్టిక కూడ పైన చెప్పిన పలకల మీదనే యున్నది. కావున ఒకే పెద్ద ఫైలు రెండు నిమిషములలో ఎక్కిన చోట, అంతే బరువుగల వేలకొలది చిన్న తునకలు చాల ఎక్కువ సేపు తీసికొనును. పాటలే అయినచో ఇది మరీ దుర్భరము కాదు. పాటలతోపాటు ఫోల్డర్లలో దాగియున్న బొమ్మలు, సాహిత్యపు ఫైళ్లు, పనికిరాని చిల్లర ఫైళ్లు చేరినచో దుర్భరమగును. వానిని ముందుగా ఏరివేయుట మంచిది. త్వరగా కావలెనని రెండు మూడు ఫోల్డర్లను ఒకేసారి పంపువారు కలరు. ఇద్దరు ఒకే పుస్తకములో ఒకే కలముతో చదివింపులు వ్రాయబోయినట్లుండును. ఒకదాని తరువాత ఒకటి పంపుటయే త్వరితమైన మార్గము.

కొన్ని సందర్భములలో పాటలు ప్రయాణమే చేయకుండ కంప్యూటరులోనే ఆగియుండును. ఐట్యూన్స్ వంటి సాఫ్ట్‌వేరులో, పెద్ద పాటలను పరికరమునకు పంపునప్పుడు చిన్నవిగా కుదించి పంపుమను ఒక గడి యున్నది. దానిలో టిక్కు ఉన్నచో ప్రతి పాటను మొదట విప్పి, మరల కుదించి, ఆపైన పంపును. విండోస్ మీడియా ప్లేయరు కూడ పరికరము ఒప్పని రకపు పాటలను ఇట్లే మార్చి పంపును. వైరుకు దోషము లేదు, కార్డుకు దోషము లేదు, కంప్యూటరు చెమటోడ్చుచున్నది. ప్రతి పాటకు ముందు గీత ఆగుచున్నను, కంప్యూటరు లోపలి ఫ్యాను పెద్దగా మోగుచున్నను ఇదే కారణమని అనుమానింపవచ్చును. చికిత్స ఏమనగా, పాటలనన్నిటిని ఒక రాత్రి చిన్న రూపమునకు మార్చి వేరొక ఫోల్డరులో ఉంచుకొని, తరువాత ఎన్నిమారులైనను దానినుండియే ఎక్కించుట. పెద్ద రూపము అసలు ప్రతిగా కంప్యూటరులోనే ఉండవలెను. ఐపాడ్ల తయారీ 2022లో ముగిసినను ఇండ్లలో మిగిలియున్నవానికి ఈ మాట వర్తించును. ప్రతి ఫైలును తెరచి చూచు యాంటీవైరస్ వలనను కొంత ఆలస్యము కలుగును. అది అంత పెద్దది కాదు, దానిని ఆపివేయుట క్షేమమును కాదు.

ఇన్ని కారణములలో తమ యింట నున్నది ఏది? తెలియుటకు ఒక గడియారము, ఒక పెద్ద ఫైలు చాలును. సుమారు 500 మెగాబైట్ల సినిమా ఫైలు ఒకదానిని ప్లేయరులోనికి కాపీ చేయవలెను. గీత నిండగానే గడియారము చూడరాదు. పరికరమును తీసివేయుటకు అనుమతి కోరు ఆజ్ఞ యిచ్చి, తీయవచ్చునని కంప్యూటరు చెప్పిన క్షణమున చూడవలెను. అప్పటికి గాని వ్రాత నిజముగా ముగిసినట్లు కాదు. ఎనిమిది నిమిషములకు పైబడినచో సెకనుకు ఒక మెగాబైటు అన్నమాట. పోర్టో, హబ్బో, వైరో పాత వేగమునకు దిగినది, లేక ప్లేయరే ఆ రకముది. అరనిమిషములోపల ముగిసినచో దారియు మెమరీయు రెండును ఆరోగ్యముగా నున్నవి. దోషమును చిన్న ఫైళ్లలోను, పాటలను మార్చి పంపు సాఫ్ట్‌వేరులోను వెదకవలెను. ఒకటి రెండు నిమిషములు పట్టినచో దారి బాగున్నది, మెమరీయే అంతమాత్రముది. దానిని నిశ్చయించుకొనుటకు పరికరమును తీసి, మరల పెట్టి, అదే ఫైలును వెనుకకు కంప్యూటరులోనికి కాపీ చేయవచ్చును. తీసి పెట్టకుండ చేసినచో కంప్యూటరు తన మెమరీలో మిగిలియున్న దానినే చూపి మోసగించును. వెనుకకు వేగముగా వచ్చి, ముందుకు నెమ్మదిగా పోయినచో ఆ దోషము ఫ్లాష్ మెమరీదే.

పరీక్షించునప్పుడు ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెను. వైరును, పోర్టును, కార్డును కలిపి మార్చి, పని బాగుపడినదని సంతోషించినచో దోషి ఎవరో ఎన్నటికిని తెలియదు. నెల తరువాత అదే వైరు మరల చేతికి వచ్చును.

అన్నిటికన్న ముఖ్యమైన విషయమొకటి ఇంకను చెప్పలేదు. పాటలను ప్లేయరులోనికి చేర్చునప్పుడు చాలమంది "కాపీ"కి మారుగా "కట్" అను ఆజ్ఞ నిచ్చుచున్నారు. కంప్యూటరులో చోటు మిగులునని వారి ఉద్దేశము. ఈ పద్ధతిలో పాట అచ్చట చేరినదని తలచిన వెంటనే కంప్యూటరు ఇచ్చటి ప్రతిని తొలగించును. చేరినట్లు తలచినది నిజముగా చేరి యుండకపోవచ్చును. పైన చెప్పినట్లు అది ఇంకను కంప్యూటరు మెమరీలో వేచియుండవచ్చును. ఆ క్షణమున ఎవరో విసిగి వైరు లాగినచో, లేక కరెంటు పోయినచో, పాట ఇచ్చట లేదు, అచ్చట లేదు. అంతటితో ఆగిన నయమే. పట్టిక వ్రాయుచుండగా వైరు ఊడినచో ఆ ఒక్క పాటయే గాక, ఏనాడో ఎక్కించిన పాటలన్నియు కనబడకుండ పోవచ్చును. చదివింపుల పుస్తకము నడిమి పేజీలు చినిగినట్లగును. సొమ్ము పెట్టెలో నున్నది గాని ఎవరిదో తెలియదు.

2018లో వచ్చిన విండోస్ 10 సవరణ నుండి, యు.ఎస్.బి. పరికరములకు వ్రాయునవి కంప్యూటరులో నిలువ చేయకుండ వెంటనే పంపు పద్ధతి సహజముగా ఏర్పరుపబడినది. దీనివలన పని కొంత నెమ్మదిగా కనబడినను అపాయము తగ్గును. అయినను వ్రాయుచుండగా లాగినచో ఏ పద్ధతియు రక్షింపదు. అట్లు జరిగినచో చేయవలసిన మొదటి పని ఏమియు చేయకుండుట. కార్డును ఫార్మాటు చేయమని తెర అడిగినను ఒప్పుకొనరాదు; కొత్త పాట ఒక్కటియు దానిపై వ్రాయరాదు. పట్టిక చెడినను పాటల అంకెలు చాలవరకు పలకలపై చెరగకుండ ఉండును. తెలిసినవారి చేతికిచ్చినచో తగిన సాఫ్ట్‌వేరుతో వెలికితీయ వీలున్నది. పైన మరియొకటి వ్రాసినచో వీలులేదు. కాసెట్టు నుండి ఎక్కించిన కుటుంబపు పాటలకు కంప్యూటరులో ఒకటి, వేరొక డిస్కులో ఒకటి, ఇట్లు రెండు ప్రతులుండగా మాత్రమే ప్లేయరులోనిది మూడవదిగా ఉండవలెను. కాసెట్టును పారవేయనేల? అదియు ఒక ప్రతియే.

నకిలీ కార్డుల విషయము కూడ తెలిసియుండవలెను. పైన 64 గిగాబైట్లని అచ్చువేసి, లోపల ఎనిమిది మాత్రమే ఉన్న కార్డులు బజారులో దొరకుచున్నవి. లోపలి చిప్పును మార్చి కంప్యూటరుకుకూడ 64 అనియే చూపునట్లు చేయుదురు. మొదటి ఎనిమిది గిగాబైట్లు సక్రమముగా ఎక్కును. ఆపైన ఎక్కునది శూన్యములోనికో, లేక ముందు వ్రాసినదాని మీదకో పోవును. పేర్లు కనబడును, పాటలు వినబడవు. ధర మరీ తక్కువగా నున్న కార్డును కొన్నచో దానిని పూర్తిగా నింపి, మొదటి పాటను, నడిమి పాటను, కడపటి పాటను వినిపించి చూచిన తరువాతనే నమ్మవలెను. నిక్కమైన కార్డు కూడ సంవత్సరముల తరబడి వాడినచో అరుగును. మునుపు బాగుగా నడచిన కార్డు అకస్మాత్తుగా నెమ్మదించి, ఒకే పాట వద్ద మరల మరల ఆగుచున్నచో వెంటనే దానిలోని పాటలను కంప్యూటరులోనికి తీసికొని, కార్డును మార్చవలెను.

పాటలన్నియు ఎక్కి, వైరు తీసిన తరువాత కూడ కొన్ని ప్లేయర్లు వెంటనే పాడవు. కొత్త పాటల పేర్లు, గాయకుల పేర్లు, ఆల్బముల పేర్లు చదివి తమ జాబితాను మరల వ్రాసికొనును. వేలకొలది పాటలున్న కార్డైనచో దీనికి కొన్ని నిమిషములు పట్టును. తెరపై తిరుగుచున్న గుర్తును చూచి పరికరము బిగుసుకొన్నదని ఆపివేసినచో మరల మొదటినుండి మొదలిడును. బ్యాటరీ నిండుగా నున్నప్పుడు ఈ పనికి విడిచి, దానిని బల్లపై పెట్టి లేచిపోవుట మంచిది.